గేటు తీసినవాళ్ళు

మొగలిపాడు,
జూన్ 19.

అక్కా, వందనాలు.

కొత్త చెవి మిషను కీచుమంటోందని దాన్ని సొరుగులో పడేశావట. మళ్ళీ ఉత్తరాలకే వచ్చినందుకు నాకు లోలోపల సంతోషంగానే ఉంది. ఫోనులో నేనొకటి చెబితే నువ్వు ఇంకోటి విని, రాజమండ్రి అంతా వినేలా కేకలేస్తావు. కాయితం మీదైతే నీ కేక నన్ను చేరడానికి కనీసం నాలుగు రోజులు పడుతుంది.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నా షుగరు సంగతి సువార్త నీకు విడిగా రాస్తానంది కాబట్టి నేను దాని జోలికి పోను. నేను రిటైరు కావడానికి ఇంకా ఇరవై నెలలుంది. ఈ మొగలిపాడు గుడిలోనే ఆఖరి ఆరాధన చేసి, మీ వీధిలో ఓ చిన్న వాటా అద్దెకు తీసుకోవాలని మా ఆవిడ కోరిక. నీ పక్కన ఉంటే నేను అన్నం తక్కువ తింటానని దాని నమ్మకం.

ఊళ్ళో ఒక చిక్కు వచ్చిపడింది. ఆదినారాయణరాజు గారి రొయ్యల చెరువుల మీద ఇప్పుడు మన పేటవాళ్ళు ఒక్కరూ లేరు. రెండేళ్ళ క్రితం ఆయన ఏడుగురు బెంగాలీలను తెచ్చారు. గట్టు మీద టార్పాలిన్ పాకలో ఉంటారు. మేత చల్లడం, కాపలా, చివర్లో రొయ్యలు పట్టే పట్టుబడి, అంతా వాళ్ళే. మనవాళ్ళు అడిగే కూలిలో సగానికే చేస్తారట. పేటలో సగం ఇళ్ళు ఆ చెరువుల మీదే బతికేవి. ఇప్పుడు పొద్దున్నే ఆటోలెక్కి ఎక్కడెక్కడికో పోతున్నారు. వాళ్ళ కోపంలో న్యాయం లేదని నేనెలా అనగలను?

చెరువుల చుట్టూ నీళ్ళన్నీ ఉప్పగా అయిపోయాయి కదా, ఆ బెంగాలీల్లో సకీనా అనే అమ్మాయి మన గుడి ఆవరణలోని మంచినీళ్ళ కుళాయికి బిందె పట్టుకుని వస్తుంది. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ కార్యదర్శి ఉదయ్‌కుమార్ నా దగ్గరికొచ్చి, "అయ్యగారూ, ఆ కుళాయి సంఘానిదండి, దారినపోయే వాళ్ళందరిదీ కాదండి" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. సర్దుకుంటుందిలే.

వచ్చే ఆదివారం ఏ వాక్యం చెప్పాలో తోచడం లేదు. నీకేమైనా తడితే రాయి.

నీ తమ్ముడు,
యెహెజ్కేలు


రాజమహేంద్రవరం,
జూన్ 25.

ఒరే యెహెజ్కేలూ,

ఇక్కడ గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చేశాయి. పొద్దున్నే రేవుకి వెళ్ళి చూసొచ్చి కూర్చున్నాను. నీ షుగరు ఎంతుందో సువార్త రాసింది. ఈసారి నేనొచ్చినప్పుడు నీ అలమార వెతుకుతాను, కాజాలు దొరికాయో, నీ పని అయిందే!

ఉత్తరంలో "సర్దుకుంటుందిలే" అని రాశావు. ఆ మాట నువ్వెప్పుడు వాడతావో నాకు తెలుసు. నాన్న గడియారం నూతిలో పడేసినప్పుడూ ఇదే అన్నావు. ముప్పై రెండేళ్ళు ఆసుపత్రి వార్డుల్లో తిరిగినదాన్ని. రోగి ఏం చెప్పాడో కాదు, ఏం మింగాడో చూడటం నా పని. ఆ పిల్ల ఇంకా నీళ్ళకి వస్తోందా, రావడం లేదా? ఆ ఒక్క ముక్క ఎందుకు రాయలేదు?

వాక్యం తోచడం లేదంటావేంట్రా! మన ప్రభువు మధ్యాహ్నపు ఎండలో నూతి దగ్గర కూర్చుని, ఊరు వెలేసిన వేరే జాతి మనిషిని నీళ్ళడిగాడు. మనం ఆయన పేరు పెట్టి కట్టిన గుడి కుళాయికి తాళం వేస్తే, ఆయనే వచ్చినా దాహంతో వెనక్కి పోవాలి. ఇది చెప్పు. ఉదయ్‌కుమార్ మొహం చూడకుండా గోడకేసి చూస్తూ చెప్పినా ఫరవాలేదు.

నువ్వు పిరికివాడివని నాకెప్పుడూ కోపం లేదు. నీ పిరికితనంలో మంచితనం కలిసిపోయి ఉంటుంది, రెండూ విడదియ్యడం కష్టం. కానీ ఒక్కోసారి విడదియ్యాలిరా.

మాగాయి పంపుతున్నాను. అన్నం తక్కువ కలుపుకో.

అక్క,
తబిత


మొగలిపాడు,
జూలై 14.

అక్కా,

నువ్వు పట్టేశావు. ఆ ఆదివారం సాయంత్రమే నేను సకీనా దగ్గరికి వెళ్ళి, "అమ్మా, పగలు రాకు. తెల్లారకముందే వచ్చి పట్టుకెళ్ళు, ఎవరూ చూడరు" అని చెప్పాను. దయ చూపిస్తున్నాననే అనుకున్నాను. ఆమె "సరే సార్" అని తలూపింది. మర్నాటి నుంచి చీకటితోనే వచ్చేది. చప్పుడు కాకుండా కుళాయి సన్నగా తిప్పి, బిందె నిండేదాకా గోడకి ఆనుకుని నిలబడేది, దొంగతనానికి వచ్చినదానిలా. దాన్ని దొంగను చేసింది నేనే అక్కా. ఇది నీకు రాయలేకపోయాను.

నువ్వు చెప్పిన వాక్యం కూడా చెప్పలేదు. చెబుదామనుకుంటూ రెండు ఆదివారాలు గడిపేశాను. ఇంతలో పని నా మీదికే వచ్చింది.

పోయిన బుధవారం రాజుగారి చెరువులో రెండు మోటార్లు పోయాయి. నీళ్ళలో గాలి చిలికే యంత్రాలవి, ఆగితే రొయ్య చస్తుంది. దొంగలు బెంగాలీలే అని ఎవడో అన్నాడు. ఇంకెవడో వాళ్ళ ఫొటో తీసి, వీళ్ళు బంగ్లాదేశ్ నుంచి దొంగతనంగా వచ్చినవాళ్ళని ఫోన్లలో పెట్టాడు. గంటలో ఊరంతా తిరిగింది. కుర్రాళ్ళు పాక మీదికి వెళ్ళారు. సకీనా భర్త జమాల్‌కి కుడిచెయ్యి విరిగింది.

రాజుగారికి ఫోన్ చేశాను. "నాకెందుకండీ పాస్టరు గారూ ఈ గొడవ? మేస్త్రీ తెచ్చాడు, నేను పని ఇచ్చాను. వాళ్ళెవరో ఏంటో నాకేం తెలుసండి? గట్టు ఖాళీ చేసెయ్యమని చెప్పేశాను" అన్నారు. రెండేళ్ళు వాళ్ళ చేత చేయించుకున్న మనిషికి వాళ్ళెవరో తెలియదట.

సాయంత్రం వాన పట్టుకుంది. ఏడుగురూ వచ్చి గుడి గేటు బయట నిలబడ్డారు. జమాల్, సకీనా, వాళ్ళ ఆరేళ్ళ కూతురు, జమాల్ తల్లి ఫూల్‌బాను, ఇంకో ముగ్గురు మగవాళ్ళు. ఆ ముసలమ్మకి డెబ్బై దాటి ఉంటాయి. ఎరువుల సంచి ఒకటి తలమీద కప్పుకుని ఉంది. గేటు తాళం నా చేతిలోనే ఉంది. నిజం చెబుతున్నాను, వెంటనే తియ్యలేదు. "ఏంటండీ అలా చూస్తున్నారు? ముసలావిడ తడిసిపోతోంది!" అని సువార్త వెనక నుంచి అరిచింది. అప్పుడు తీశాను. సండేస్కూలు గదిలో దింపాం.

అరగంటకి కుర్రాళ్ళు కర్రలతో వచ్చారు, ఇరవై మంది దాకా. సగం మంది నేను బాప్తిస్మమిచ్చిన పిల్లలే. నేను గొడుగు పట్టుకుని గుడి మెట్ల మీద నిలబడ్డాను. ఇన్నేళ్ళుగా చెబుతున్న వాక్యాల్లో ఒక్కటీ గుర్తుకి రాలేదు. నోట్లోంచి వచ్చింది ఒకటే మాట. "చెప్పులు విప్పి రండి" అన్నాను. ప్రతి ఆదివారం అనేదే.

ముందున్నవాడు అలవాటు కొద్దీ విప్పేశాడు. వాణ్ణి చూసి వెనకవాళ్ళూ విప్పారు. చెప్పులు విప్పేసి, చేత్తో కర్ర పట్టుకుని, గుడి మెట్ల ముందు వానలో నిలబడితే మనిషికి ఎంత ఇబ్బందిగా ఉంటుందో వాళ్ళ మొహాల్లో చూశాను. ఒకడు కర్రని వీపు వెనక్కి పెట్టేసుకున్నాడు.

"లోపలున్నారాండీ?" అన్నాడు.

"ఉన్నారు. జమాల్ చెయ్యి విరిగింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఎవరైనా ఆటో తెస్తారా?" అన్నాను.

ఒక్కొక్కరే చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఆటో అయితే రాలేదు గానీ రెండు కర్రలు అక్కడే వదిలేసి పోయారు. వాటిలో ఒకదాన్ని చీల్చి సువార్త జమాల్ చేతికి దన్నుగా కట్టింది. మర్నాడు భీమవరం తీసుకెళ్ళి సిమెంటు కట్టు వేయించాను.

ఎస్సై రాజేంద్ర గారికి నేనే కబురు చేశాను. ఆయన వచ్చి పేర్లు రాసుకుని, "వాళ్ళ జిల్లాకి రాస్తామండి. జవాబొచ్చేదాకా వీళ్ళు ఇక్కడే ఉంటారని మీరు పూచీ ఉండాలి" అన్నారు. సంతకం పెట్టాను. నువ్వు సంతోషిస్తావని రాస్తున్నాను.

యెహెజ్కేలు


రాజమహేంద్రవరం,
జూలై 19.

యెహెజ్కేలూ,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. అన్నం వడ్డించుకున్న కంచం పక్కన పెట్టి రాస్తున్నాను. వాళ్ళని పంపించెయ్యి.

ఎవర్ని అడిగి పూచీ సంతకం పెట్టావు? రేపు వాళ్ళలో ఒకడు గోడ దూకి పోతే నిన్ను కదా తీసుకెళ్ళేది? కర్రలతో వచ్చినవాళ్ళు మళ్ళీ రారని ఏంటి నమ్మకం? రెండోసారి చెప్పులు విప్పరు. ఇరవై నెలల్లో రిటైరు కావలసినవాడివి, సువార్తకి గుండె జబ్బు, నీకు షుగరు. కుళాయి తిప్పమన్నాను గానీ గది తలుపులు తియ్యమన్నానా నేను?

వాళ్ళని రైలెక్కించెయ్. టిక్కెట్లు నేను కొంటాను. వాళ్ళ దేశం వాళ్ళు పోతారు. ఎస్సై గారికి చెప్పి ఆ కాయితం మీద నీ పేరు కొట్టించుకో.

నువ్వు ధైర్యవంతుడివి కావురా. కానివాడివి అయినట్టు నటించకు. అమ్మ పోయేటప్పుడు నీ చెయ్యి నా చేతిలో పెట్టింది. ఇంకేమీ అడగను, ఈ ఒక్క మాట విను.

తబిత


మొగలిపాడు,
ఆగస్టు 4.

అక్కకి,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. మొదటిసారి వేరెవరో రాశారేమో అనిపించింది. దస్తూరీ నీదే.

నేను ధైర్యవంతుణ్ణి కాననడం నిజమే. రోజూ గేటు చప్పుడైతే చాలు, ముందు కిటికీలోంచి ఎవరో చూస్తున్నాను. అయినా వాళ్ళని పంపను. నువ్వు చెప్పిన మాట వినకపోవడం నాకు ఇదే మొదటిసారి. చెయ్యి తిరగక రెండు కాయితాలు చించేశాను.

పోయిన ఆదివారం సంఘం కూర్చుంది. ఉదయ్‌కుమార్ లేచాడు. చెడ్డవాడు కాదక్కా, మర్యాదగానే మాట్లాడాడు. "అయ్యగారూ, మీరంటే మాకు గౌరవమేనండి. కానీ మా పొట్ట కొట్టినవాళ్ళని మా గుడిలోనే పెట్టి పోషిస్తే మేమేం అనుకోవాలండి? వాళ్ళు మన భాషా కాదు, మన మతమూ కాదు."

"గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి మతమేంటని అడిగాకే తలుపు తియ్యమని వాక్యంలో ఎక్కడుందో చూపించు ఉదయ్, ఇప్పుడే పంపేస్తాను" అన్నాను.

"వాక్యంలో అన్నీ ఉంటాయండి. మా పిల్లల ఫీజులు మాత్రం ఉండవు" అన్నాడు.

నేను నిలబడి ఉండగానే వెనక చాపల మీద నుంచి దీనమ్మ లేచింది. నువ్వు చూశావు ఆవిణ్ణి, ఒకప్పుడు ఆ చెరువుల మీద ఆడకూలీలందరికీ పెద్ద.

"ఏరా ఉదయ్! కూలి తగ్గించిందెవడ్రా, ఆ పిల్లా, రాజుగారా? తగ్గించినాయన గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడతావు, తగ్గింది పుచ్చుకున్నదాని మీదికి కర్రట్టుకుని పోతావు. నీకు రాజుగారంటే భయం. నాకూ భయమేలే. అందుకే ఇన్నాళ్ళూ నోరు మూసేసుకున్నాను" అంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నలుగురైదుగురు లేచి బయటికి పోయారు. నన్ను ఇక్కడ నుంచి తీసెయ్యమని పైవాళ్ళకి అర్జీ వెళ్ళిందని విన్నాను. ఆరాధనకి సగం మందే వస్తున్నారు. దీనమ్మ మాత్రం రోజూ పొద్దున్నే సోలెడు బియ్యం కొంగున కట్టుకొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా ఆ గది గుమ్మంలో పోసి పోతోంది.

వాళ్ళది మాల్దా జిల్లా అట. ఊరిని గంగ కోసేసిందని సకీనా చెప్పింది. ముందు పొలాలు, తర్వాత ఇళ్ళు, తర్వాత బడి. లంకల్లో పుట్టినవాళ్ళం, మనకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఉన్న కాయితాలన్నీ ఇంటితోనే పోయాయి. మగవాళ్ళు తిరిగి చేయించుకున్నారు. ముసలమ్మకి ఎవరూ చేయించలేదు. సువార్త ఆవిణ్ణి పూలబాను అని పిలుస్తోంది. ఆవిడ తిరిగి సువార్తని ఏదో అంటుంది, ఇద్దరూ నవ్వుకుంటారు.

అక్కా, ఎవరూ ముట్టుకోని రోగులకి పుళ్ళు కడిగినదానివి నువ్వు. నాకు భయం వేసినప్పుడల్లా నిన్ను తలుచుకునేవాణ్ణి. నీకేమైంది?

యెహెజ్కేలు


రాజమహేంద్రవరం,
ఆగస్టు 23.

చిన్నోడా,

రెండు వారాలు నీకు జవాబు రాయలేదు. కోపం వచ్చి కాదు. రాయడం మొదలుపెడితే ఎక్కడికి పోతుందో తెలిసి.

నేను కువైట్‌లో నర్సుగా ఉన్నప్పుడు అక్కడ యుద్ధం వచ్చింది, నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు అప్పుడు వేదాంత కళాశాలలో చదువుతున్నావు. మూడు నెలలు నా దగ్గర నుంచి ఉత్తరం లేదు. ఇంటికొచ్చాక అందరూ ఎలా బయటపడ్డావని అడిగితే, "ప్రభువు కాపాడాడు" అన్నాను. నాన్న కృతజ్ఞతా కూడిక పెట్టించాడు. అందులోనూ అదే సాక్ష్యం చెప్పాను. అబద్ధం కాదు. కానీ ప్రభువు ఎవరిచేత కాపాడించాడో ఇవాల్టిదాకా ఎవరికీ చెప్పలేదు.

సైనికులు మా హాస్టల్లోకి వచ్చిన రోజు మేం అయిదుగురం నర్సులం వెనక మెట్ల మీంచి పారిపోయాం. మనవాళ్ళు ఆరాధన చేసుకునే ఒక చోటికి వెళ్ళి గేటు కొట్టాం. లోపల నుంచి ఒకాయన, మనదేశం ఆయనే, "ఇప్పటికే చాలా మంది ఉన్నారమ్మా, ఆడపిల్లల్ని పెట్టుకుంటే ప్రమాదం" అన్నాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. లోపల పిల్లలున్నారు.

రెండు వీధులవతల ఒక బడి ఉంది. దాని కాపలాదారు ఈజిప్టు మనిషి. పేరు హన్నా. మనకి ఆడపేరు, వాళ్ళలో మగవాళ్ళకి పెడతారట. మణికట్టు లోపలివైపు చిన్న సిలువ పచ్చబొట్టు. మా మొహాలు చూసి, ఏమీ అడక్కుండా గేటు తీశాడు. పుస్తకాల గదిలో పెట్టి బయట బెంచీలు పేర్చేశాడు. పద్దెనిమిది రోజులు. రోజూ పొద్దున్నే వెళ్ళి రొట్టెలు తెచ్చేవాడు. మాకు ఆయన భాష రాదు, ఆయనకి మాది రాదు. నాకు జ్వరం వస్తే తన కోటు తెచ్చి కప్పాడు.

పందొమ్మిదో రోజు రొట్టెలు ఎక్కువ కొంటున్నాడని ఎవరో చెప్పారు. నేను వెంటిలేటర్ కంతలోంచి చూశాను. సైనికులు ముగ్గురు ఆయన్ని గేటు దగ్గర ఆపి అడుగుతున్నారు. కొట్టారు. ఆయన బడివైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు. ట్రక్కు ఎక్కించారు. రొట్టెల సంచి కింద పడి ఉంది. మేం ఆ రోజు మధ్యాహ్నమే బయటపడి, బస్సుల్లో ఎడారి దాటి, ఎలాగో బొంబాయి విమానం ఎక్కాం. ఆయన ఏమయ్యాడో ఈ ముప్పై అయిదేళ్ళలో నాకు తెలియలేదు. పెళ్ళయిందో లేదో, పిల్లలున్నారో లేదో కూడా తెలియదు.

గేటు తీసినవాడికి ఏమవుతుందో చూసినదాన్నిరా నేను. నువ్వు గేటు తీశానని రాసినప్పుడు నాకు ట్రక్కే కనపడింది. అందులో నువ్వు కనపడ్డావు. అందుకే అలా రాశాను.

నువ్వు నా మాట వినలేదు. మంచి పని చేశావు. నాకు ఇంకా భయంగానే ఉంది. ఆ రెండూ పక్కపక్కనే ఉంచుకుని బతుకుతున్నాను.

జమాల్ కట్టుకి ఆరువారాలు దాటాయి, తీయించు. వేళ్ళు ముడుచుకోకుండా రోజూ పిండి ముద్ద పిసకమను. ముసలావిడ కాళ్ళు వాస్తున్నాయేమో చూడు, ఉప్పు తగ్గించు.

అక్క


మొగలిపాడు,
అక్టోబర్ 6.

అక్కా,

నీ ఉత్తరం సువార్తకి చదివి వినిపించబోయి సగంలో ఆగిపోయాను. మిగతాది అదే చదువుకుంది. ఆ ఆదివారం ఆరాధనలో, మనకోసం కష్టపడినవాళ్ళ పేర్లు చదివేటప్పుడు హన్నా పేరు కూడా చదివాను. ఎవరికీ వివరం చెప్పలేదు. అందరూ ఆమేన్ అన్నారు.

ఇక్కడి సంగతులు. మాల్దా నుంచి జవాబొచ్చింది. ఆరుగురి కాయితాలూ సరిగ్గా ఉన్నాయట. ఎస్సై గారు స్వయంగా వచ్చి చెప్పి, మన కుళాయిలో నీళ్ళు తాగి వెళ్ళారు. మోటార్లు ఎవరు తీశారో మాత్రం తేలలేదు, ఇక తేలదు కూడా. ఊళ్ళో సగం మంది ఇప్పటికీ వీళ్ళనే అంటారు.

రొయ్య పట్టుబడికొచ్చింది, మనుషులు లేరు. రాజుగారు జమాల్‌కి కబురు పెట్టారు. జమాల్ వెళ్ళేలోపే దీనమ్మ సకీనా చెయ్యి పట్టుకుని రాజుగారింటికి వెళ్ళింది. "ఇద్దరికీ ఒకటే కూలండి. లేదంటే ఇద్దరం రామండి" అందట. రాజుగారు చాలాసేపు లోపలికీ బయటికీ తిరిగి చివరికి సరేనన్నారట. ఈ ఒక్క పట్టుబడికేనని దీనమ్మ అనుమానం. నాదీ అదే.

నాకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. పట్టిసీమ దాటి ఇంకా పైకి, కొండల్లో బూరుగువాగు అని చిన్న సంఘం. నెలాఖరులోగా చేరాలి. క్వార్టర్సు లేదు, ఒక సంఘస్థుడి ఇంట్లో ఒక గది ఇస్తారు. అక్కడే రిటైరవుతాను. నీ వీధిలో వాటా ముచ్చట వాయిదా పడిందని సువార్త ఒక పూట ఏడ్చి, మర్నాడు సామాన్లు సర్దడం మొదలుపెట్టింది.

చిక్కల్లా పూలబానుతోనే. ఆవిడ పేరు ఏ జాబితాలోనూ దొరకలేదట. ఇంకోసారి రాస్తామన్నారు. అప్పటిదాకా పూచీ ఉన్న చిరునామాలోనే ఉండాలి. కాయితం లేని మనిషిని గట్టు మీద ఉంచనని రాజుగారు ఖండితంగా చెప్పేశారు. నా స్థానంలో వచ్చే అయ్యగారు గది తాళం కావాలన్నారు.

ఇంకేం రాయాలో తెలియడం లేదు. ఉంటాను.

యెహెజ్కేలు


రాజమహేంద్రవరం,
అక్టోబర్ 10.

ఒరే,

"ఇంకేం రాయాలో తెలియడం లేదు" అని రాసి దాని కింద ఎంత చోటు వదిలేశావో చూశాను. అడగడానికి నోరు రాలేదు కదూ?

ఆవిణ్ణి నా దగ్గరికి తీసుకురా. కుట్టు మిషను వరండాలోకి జరిపించాను. మంచం వేయించాను. నాకు చెవులు వినపడవు, ఆవిడకి తెలుగు రాదు, మా ఇద్దరికీ గొడవలొచ్చే అవకాశమే లేదు. ఎస్సై గారి చేత పూచీ కాయితం నా పేరు మీదికి మార్పించు. తబిత, రిటైర్డు స్టాఫ్ నర్సు, దానవాయిపేట. అక్షరాలు తప్పుల్లేకుండా రాయించు.

భయం పోయిందా అని అడక్కు.

అక్క


బూరుగువాగు,
నవంబర్ 9.

అక్కా,

చేరాం. గది చిన్నది, కిటికీలోంచి కొండ కనపడుతుంది. ఆరాధనకి ముప్పై మంది వస్తారు, అందులో పన్నెండు మంది పిల్లలు.

మొగలిపాడులో బస్సెక్కేటప్పుడు ఉదయ్‌కుమార్ వచ్చి నా పెట్టె పైన వేశాడు. "అయ్యగారూ, మీరు చేసింది రైటని నేననలేనండి. మా పిల్ల పెళ్ళికి మాత్రం మీరే రావాలండి" అన్నాడు. వస్తానన్నాను. గుడి గేటు తాళంచెవి కొత్త అయ్యగారి చేతికిచ్చాను. కుళాయి సంగతి చెప్పాను. "చూద్దామండి" అన్నారు. ఈసారి "సర్దుకుంటుందిలే" అనుకోలేదు, దీనమ్మకి అప్పగించి వచ్చాను.

పూలబాను ఎలా ఉంది? నీ ఇంటి గుమ్మంలో నన్ను వదల్లేక నా చెయ్యి పట్టుకుని ఏదో చాలాసేపు చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అన్నిటికీ తలూపాను.

యెహెజ్కేలు


రాజమహేంద్రవరం,
నవంబర్ 22.

చిన్నోడా,

పూలబాను బాగుంది. నా వంట నచ్చక రెండో రోజే నన్ను పొయ్యి దగ్గర నుంచి లేపేసింది. చేపల పులుసులో ఆవపిండి వేస్తుంది. తిట్టుకుంటూ తిన్నాను, మర్నాడు మళ్ళీ వెయ్యమన్నాను. ఐదు పూటలూ ఆవిడ నమాజు, రెండు పూటలా నా ప్రార్థన. ఒకరు మోకరిస్తే ఇంకొకరు పొయ్యి చూసుకుంటాం. ప్రతి ఆదివారం సకీనావాళ్ళు పిల్లని తీసుకుని వస్తారు. ఆ రోజంతా ఇల్లు సంతలా ఉంటుంది. పక్కవాటా వాళ్ళు మొదట్లో మొహం తిప్పుకున్నారు. ఇప్పుడు వాళ్ళమ్మాయి వచ్చి పూలబాను దగ్గర తల దువ్వించుకుని పోతోంది.

నిన్న ఇక్కడి స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చాడు, ఆవిడ ఉందో లేదో చూసి రాసుకోవడానికి. గేటు దగ్గర ఖాకీ చొక్కా కనపడగానే మళ్ళీ ఆ ట్రక్కు భయమే పట్టుకుందిరా. అది ఇంకా పోలేదు. అయినా వెళ్ళి తీశాను. కుర్చీ వేసి టీ ఇచ్చాను. నాకు వినపడదని కాయితం మీద రాసి అడిగాడు, పాపం మర్యాదస్తుడే.

"ఈవిడ మీకేమవుతారు?" అని రాశాడు.

"మా ఇంట్లో మనిషి" అన్నాను.

"ఎన్నాళ్ళుంటారండి?"

"కాయితాలొచ్చేదాకా."

"రాకపోతేనో?"

"నేను పోయేదాకా ఉంటుంది."

కాయితం తిప్పాడు. తర్వాత నెమ్మదిగా రాశాడు. "ఆ తర్వాతండి?"

నీ పేరు చెప్పాను. బూరుగువాగు చిరునామా చెప్పి, అక్షరం అక్షరం రాయించాను. నిన్ను అడక్కుండానే రాయించాను. కోపం తెచ్చుకోకు.

అక్క